అత్తమ్మ కొంగున బోల్టు

మా మేనత్త ఇక లేదన్న కబురు ఒక ఖాళీ టాక్సీలో వచ్చింది. వేసవి సెలవులకని నేను రామన్నపేట దగ్గరున్న మా ఊరికి వచ్చి ఉన్నాను. పొద్దెక్కాక మా వాకిట్లో ఒక నల్ల బండి ఆగింది. పాలమూరులో అత్తమ్మ వాళ్ల పక్కింట్లో ఉండే డ్రైవర్ చిచ్చా అందులోంచి దిగాడు. వెనక సీట్లో ఎవరూ లేరు. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన చెంబు వంక చూడనైనా చూడలేదు. చావుకబురు తెచ్చినవాడు ఆ ఇంట్లో నీళ్లు ముట్టడని మా దగ్గర ఒక పద్ధతి. అది చిచ్చాకు తెలుసు. మగ్గం గుంటలో కూర్చున్న బాపు అది చూశాడు. ఆయన చేతిలో పోగు నడిపే నాడె అక్కడే ఆగిపోయింది.

"ఎవరు? బావనా?" అని అడిగాడు బాపు.

చిచ్చా తల అడ్డంగా ఊపాడు. "ఆపా" అన్నాడు. అత్తమ్మను ఆయన అక్కా అన్నట్లు అట్లా పిలిచేవాడు. "జెరం వచ్చింది. దవాఖానల చేర్పిచ్చినం. తెల్లారంగ పోయింది. జర లేవన్నా, పోదాం."

బాపు చాలాసేపు లేవలేదు. మగ్గం మీద చీర సగమే అయింది. నేసేవాళ్లెవరూ బట్టను నడుమ కోయరు. కోస్తే మంచిది కాదంటారు. పుట్టింటి బట్ట కప్పకుండా ఆడబిడ్డను సాగనంపడం కూడా మా ఇళ్లల్లో లేదు. బాపు అమ్మను కత్తెర అడిగాడు. ఎర్రటి ఆ సగం చీరను ఆయన కోస్తుంటే పోగులు తెగే చప్పుడు చిన్నగా, వరసగా వినిపించింది. ఆ చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది.

టాక్సీలో నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. నా ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద, బ్యాటరీకి కరెంటు వస్తోందో పోతోందో చూపే ఒక చిన్న గుండ్రటి మీటరు ఉంది. దాని ముల్లు నడుమన ఉన్న సున్న దగ్గర నిలవలేక వణుకుతోంది. ఆ బోర్డు కిందికి చేయి పోనిస్తే నా వేళ్లకు అత్తమ్మ కట్టిన ముడులు తగులుతాయి. దారి పొడుగునా ఆ సంగతి నాకు తెలుసు. చేయి మాత్రం పెట్టలేకపోయాను.

*

ఇది చదివే మీకు మా అత్తమ్మ తెలియదు. పాలమూరు బస్టాండు వెనక సందులో ఒక రేకుల షెడ్డు, దానికి ఆనుకుని రెండు గదుల ఇల్లు. షెడ్డులో మామ మోటరు బండ్లకు కరెంటు పని చేసేవాడు. ఇంజను ముట్టుకునేవాడు కాదు. దీపాలు, హారన్లు, మీటర్లు, వాటికి పోయే తీగెలు, అంతవరకే ఆయన పని. అందరూ ఆయనను వైరింగు మిస్త్రీ అనేవారు. అత్తమ్మను ఏమనాలో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు.

ఆమె పుట్టింది మగ్గాల ఇంట్లో. మా వైపు నూలుకు ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. ముడి పడిన చోట రంగు పట్టదు. ఏ పోగు మీద ఎక్కడ ముడి పడాలో నేసేముందే తెలిసి ఉండాలి. అత్తమ్మకు నడక వచ్చేనాటికే ఆ ముడులు వచ్చునని మా అవ్వ చెప్పేది. మామ కూడా నేతవాళ్ల పిల్లవాడే. కాని చిన్నప్పుడే హైదరాబాదు పోయి మోటరు పని నేర్చుకున్నాడు. పెళ్లిలో చుట్టాలంతా "నూలు వడికే పిల్లను తీసుకపోయి తీగెలు వడికేటోనికి ఇచ్చిన్రు" అని నవ్వారట. ఆ మాట తలచుకున్నప్పుడల్లా అత్తమ్మ "నాకేం ఫరక్ గొట్టలే. పోగు పోగే. గది పత్తిది, గిది రాగిది" అనేది.

మా ఊళ్లో ఆడపిల్లలకు పై చదువు లేదు. అత్తమ్మకు, మామకు పిల్లలు లేరు. అట్లా నేను పాలమూరు బడిలో చేరి వాళ్లింట్లో ఉన్నాను. అత్తమ్మ నన్ను "కోడలా" అని పిలిచేది. కొడుకు లేని ఇంట్లో కోడలేమిటని ఇరుగుపొరుగు నవ్వితే, "కొడుకు రాకుంటేంది, కోడలు రానే వచ్చె" అనేది.

నేను చేరిన రోజు షెడ్డులో ఒక కారు ముందు తలుపులు రెండూ తెరిచి ఉన్నాయి. ఒక తలుపులోంచి మామ కాళ్లు బయటికి వచ్చి ఉన్నాయి. ఆయన బోర్డు కింద తల పెట్టి వెల్లకిలా పడుకున్నాడు. పక్కన డ్రైవరు సీట్లో అత్తమ్మ కొంగు బొడ్లో దోపుకుని, కాళ్లు ముడుచుకుని, వంగి లోపలికి చూస్తోంది. నేను వచ్చింది వాళ్లిద్దరికీ తెలియలేదు.

"ఎడమ దిక్కుది చెప్పు" అన్నాడు మామ లోపలి నుంచి.

"నేరేడుపండు తిన్న నాలిక."

"దాని పక్కన?"

"మాడిన జొన్నరొట్టె."

"అంటే నల్లది."

"నల్లదైతే నల్లదనే అంటగదయ్యా. మాడిన రొట్టె అంటున్న. నడుమ ఎరుపు, అంచుకు నలుపు. రోజు తింటనే ఉన్నవ్ గద, గింత దెల్వదా?"

"నువ్వు జేస్తున్నవ్ గనక తింటున్న."

"అయితే రేపటి సంది నువ్వే జెయ్యి. నేను బోర్డు కింద పంటా."

మామ నవ్వుకు బోర్డు కింద రేకు గలగలమంది.

ఆ కాలపు బండ్లలో తీగెలకు నూలు అల్లిక తొడుగు ఉండేది. కొత్తలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, దేనిది దానికే తెలిసేది. కొన్నేళ్ల దుమ్ముకు, నూనెకు అన్నీ ఒకటే మురికిరంగుకు వచ్చేవి. ఆ మురికి లోపలి రంగును అత్తమ్మ పట్టేది. రంగుల్లో ముంచిన నూలు ఎండకు, చెమటకు, ఉతుకుకు ఎట్లా మారుతుందో పుట్టింట్లో చూసిన కన్ను అది. పాత ఎరుపు ఆమెకు "ఎండిన మిరపతొడిమ". పాత పసుపు "రాలిన తంగేడు". ఒక పచ్చరంగు ఉండేది, దాన్ని "సీతాఫలం తోలు, గని పండు మాగినంక" అనేది. "గని" దగ్గర ఆగి ఇంకొంచెం వంగి చూసి, అప్పుడు మిగతా మాట అనేది. బడిలో ఉపమానాలు నోటుబుక్కులో రాసుకుని నేర్చుకుంటున్న రోజులవి నాకు. మాటల మీద నాకు ప్రేమ పుట్టింది ఎక్కడ అని ఎవరైనా అడిగితే, బడిలో అని చెప్పలేను.

ఆమె అన్ని పోలికలు ఎందుకు చెబుతోందో నాకు చాలా రోజులు తెలియలేదు. సరదా అనుకున్నాను. ఒక సాయంత్రం ఇంటి ముందు కూర్చుని ఉన్నాం. పాడైన ఒక కారులోంచి తీసిన వెనక సీటు గోడకు ఆనించి ఉండేది. మా ఇంటికి వచ్చినవాళ్లందరికీ అదే కుర్చీ. మామ పక్కన పెట్టిన చాయ్ గ్లాసు కోసం చేయి చాచాడు. చేయి గ్లాసును దాటి పోయింది. అత్తమ్మ మాట్లాడుతూనే, మాట ఆపకుండానే, గ్లాసును ఆయన చేతి కిందికి జరిపింది. అప్పుడు నాకు అర్థమైంది.

కంటి నరం ఎండుతోందనీ, మందు లేదనీ హైదరాబాదులో డాక్టరు చెప్పాడట. ఆ రోజు తిరిగి వస్తూ బస్సులో మామ ఇక షెడ్డు మూసేస్తానన్నాడట. "కండ్లు లేనోనికి ఎవడు బండి ఇస్తడే" అన్నాడట. అత్తమ్మ మరునాడు వంట ముగించుకుని పోయి డ్రైవరు సీట్లో కూర్చుంది. అడిగినవాళ్లకు టార్చిలైటు పట్టుకుంటున్నానని చెప్పింది. నిజంగానే ఆమె చేతిలో టార్చి ఉండేది. మనిషికి పని పోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మగ్గం ఆగిన ఇళ్లను ఆమె చూసింది. "అన్నం పోతే అడుక్కనన్న తింటరు బిడ్డా. పని పోతే మనిషి ఇంట్లనే తప్పిపోతడు" అని నాతో అన్నది. ఆమె భయమంతా అదే. మామ తప్పిపోకూడదు.

*

మామ కుడిచేతి ఉంగరం వేలికి చుట్టూ తెల్లటి మచ్చ ఉండేది, ఉంగరం తొడిగినట్లే. పెళ్లికి ముందు మొక్కుకని రాగి ఉంగరం పెట్టుకుని, ఒక బండిలో మీటరు ఊడదీస్తుంటే, ఆ ఉంగరం ఒక దిక్కు తీగెకు, ఒక దిక్కు రేకుకు తగిలిందట. కన్నుమూసి తెరిచేలోగా ఉంగరం ఎర్రగా కాలి వేలిని పట్టుకుంది. బండి తాళంచెవి జేబులోనే ఉంది. తాళం తీసేస్తే కరెంటు పోయినట్లేనని అప్పుడు ఆయన అనుకున్నాడు. ఆ మీటరు వెనక తీగె నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. తాళం తీసినా, దీపాలు ఆర్పినా అందులో ప్రాణం ఉంటుంది.

అత్తమ్మ ఆ మచ్చను మరిచిపోలేదు. అందుకే తనదంటూ ఒక పద్ధతి పెట్టింది. బండి లోపల ఏది ఊడదీయాలన్నా ముందు మామ చేతి కడెం తీసి ఆమెకు ఇవ్వాలి. తర్వాత బానెట్ ఎత్తి, బ్యాటరీ నుంచి బండి ఒంటికి కట్టిన ఎర్తు తీగెను పానాతో విప్పాలి. విప్పిన తీగె కొసను ఆమె పాత చీరపేలికలో చుట్టి, బ్యాటరీకి దూరంగా వంచి పెట్టేది. దాని బోల్టును కొంగున ముడివేసుకునేది. అప్పుడు గాని మామ మరలు విప్పే పేచ్‌కస్ పట్టుకోడానికి లేదు.

"అయ్యిందా?" అని ఆయన అడిగేవాడు.

"బోల్టు నా కొంగున ఉన్నది. గిప్పుడు బండిల ప్రాణం లేదు. పో" అనేది.

పని అయిపోయాక కొంగు ముడి విప్పి బోల్టు ఇచ్చేది. ఎవరైనా తొందరపెడితే, "గా బోల్టు నేనిచ్చేదాక నీ బండి బండి గాదన్నా, అల్మార" అని నవ్వేది. బట్టలు ఉతికేటప్పుడు ఎప్పుడైనా ఆమె కొంగు మీద తుప్పు మరక కనిపించేది. ఆ మరకలు సబ్బుకు పోయేవి కావు. నా పెళ్లికి కట్టుకోవాలని పెట్టెలో దాచుకున్న పట్టుచీరకు తప్ప ఆమె అన్ని చీరలకూ అవి ఉన్నాయి.

తీగె మార్చడంలోనూ ఆమె పుట్టింటి పద్ధతి వచ్చింది. బోర్డు వెనక నుంచి ఇంజను వైపు పోయే తీగె పాడైతే, మిస్త్రీలు దాన్ని లాగి పారేసి, కొత్తదాన్ని రంధ్రాల్లోంచి దూర్చడానికి తిప్పలు పడతారు. అత్తమ్మ అట్లా లాగనిచ్చేది కాదు. పాత తీగె తోకకు గంజి పెట్టిన నూలు దారం కట్టేది. తీగెను ఇంజను వైపు నుంచి లాగితే దాని వెంబడి దారం పోయి, తీగె ఉన్న జాగాలో తాను నిలిచేది. ఆ దారానికి కొత్త తీగె కట్టి లాగితే అది వంకరలన్నీ తిరిగి తానే వచ్చేది.

"మగ్గం మీద పాత పడుగు పోగుల కొసలకే కొత్త పడుగు అతుకుతం. అంత తెంపి పారేసి మొదటి సంది మొదలువెడ్తమా?" అని ఒకసారి నాతో అన్నది. "పోయేదాని తోకకు దారం కట్టాలె కోడలా. వచ్చేదానికి తోవ దెలుస్తది."

*

ఒకసారి అత్తమ్మ చుట్టాల పెళ్లికని మా ఊరికి పోయింది. నాకు పరీక్షలు. నేను పాలమూరులోనే ఉండి, ఇంటి ముందు కారు సీటు మీద కూర్చుని చదువుకుంటున్నాను. డ్రైవర్ చిచ్చా తన టాక్సీ తెచ్చాడు. మీటరు పనిచేయడం లేదు. స్టేషనుకు పోయేవాళ్లు ఎదురుచూస్తున్నారని తొందరపెట్టాడు. ఆమె వచ్చేదాకా ఆగమంటే ఎందుకని అడుగుతాడు. మామ ఆ ప్రశ్నకు భయపడ్డాడో, తన చేతుల మీద తనకు నమ్మకమే ఉందో, సరేనన్నాడు.

కడెం తీశాడు. చిచ్చా ఎర్తు తీగె విప్పి బోల్టు ఆయన చేతిలో పెట్టాడు. మామ దాన్ని జేబులో వేసుకున్నాడు. బోల్టు తన దగ్గర ఉంది కదా, బండిలో ప్రాణం లేదనుకున్నాడు. కాని తీగె కొసకు పేలిక చుట్టేవాళ్లు లేరు, దాన్ని వంచి దూరంగా పెట్టేవాళ్లు లేరు. ఆయన లోపల మీటరు ఊడదీస్తుండగా బండి కదిలింది. విప్పిన తీగె జారి, మళ్లీ బ్యాటరీ మీదే పడింది.

ముందు కాలిన నూలు వాసన వచ్చింది. మా ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ వాసన అన్నిటికంటే భయం. నేను లేచి చూసేసరికి బోర్డు కింద నుంచి పొగ వస్తోంది. చిచ్చా "యా అల్లా" అంటూ మామను కాళ్లు పట్టి బయటికి లాగి, పరుగున పోయి తన భుజం మీది తువాలతో ఆ తీగెను పక్కకు కొట్టాడు. పొగ ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. మామ నేల మీద కూర్చుని దగ్గుతూ అడిగాడు.

"ఏ తీగె గాలింది భాయ్?"

"క్యా భయ్యా, నీ కండ్ల ముంగటనే యాలాడుతున్నది గద!"

మామ చేయి చాచాడు. కాలిన తీగె ఆయన ముఖానికి ఎదురుగా ఉంది. చేయి పక్కకు పోయి గాలిలో వెతుకుతోంది. చిచ్చా ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత వచ్చి మామ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఎన్నడి సంది?"

"శాన దినాలాయె."

"ఆపాకు ఎరుకనా?"

"ఆమె కండ్లతోనే జేస్తున్న భాయ్."

బస్టాండులో చిచ్చా ఒక్క మాట అంటే చాలు, ఆ షెడ్డుకు మళ్లీ ఏ బండీ రాదు. అత్తమ్మ ఊరి నుంచి తిరిగి రాగానే చిచ్చా తానే వచ్చి జరిగింది చెప్పాడు. ఆమె మూట దించకుండా నిలబడే విన్నది.

"చెప్పుకుంటే చెప్పుకో భాయ్. అబద్ధమైతే గాదు గద" అన్నది. "ఈయన జేసిన పని ఎన్నడన్న వాపస్ వచ్చిందా, గదొక్కటి జూడు."

"చెప్పిన ఆపా. నిన్ననే చెప్పిన, బస్టాండుల అందరికి."

ఆమె మూట కింద పెట్టింది.

"ఏమని?"

"గా షెడ్డుల ఇద్దరు మిస్త్రీలున్నరు, ఒక్కరే ఉంటే బండి ఇయ్యకున్రి, ఇద్దరున్నప్పుడే ఇయ్యిన్రి అని."

అత్తమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. కొంగు తీసేసరికి నవ్వుతోంది, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. "అయితే ఇగ చాయ్ గూడ ఇద్దరికి తేవాలె. గిన్ని దినాలు ఒక్క గ్లాసే తెస్తున్నవ్" అన్నది.

*

ఆ తర్వాతనే ముడులు మొదలయ్యాయి. షెడ్డుకు వచ్చిన ప్రతి బండిలోనూ, ఊడదీసిన తీగె కొసకు ఆమె గంజి నూలుతో ముడులు కట్టేది. బ్యాటరీ నుంచి వచ్చే తీగెకు ఒంటిముడి. డైనమో వైపు పోయేదానికి జంటముడి. దీపాల తీగెకు ఉచ్చు. హారనుకు చిన్న కుచ్చు. టాక్సీలు, డాక్టరు బండి, సినిమావాళ్ల జీపు, పాలమూరులో తిరిగే బండ్లలో సగం ఆమె ముడులతోనే తిరిగాయి. లోపల కూర్చున్నవాళ్లకు ఆ సంగతి తెలియదు.

రంగులు చెబుతూ ఉండగా ముడులెందుకని నేను అడిగాను. ఆమె దారాన్ని పంటితో కొరికి, నా వైపు చూడకుండా చెప్పింది.

"రంగైతే నేను జూడాలె బిడ్డా. ముడి మీ మామనే జూస్తడు."

"నువ్వుంటివి గద."

"ఉన్న. ఊకెనే గూసుంటే చేతులు గుంజుతయి, గందుకు."

సాయంత్రాలు కారు సీటు మీద కూర్చుని ఆయనకు పాఠం చెప్పేది. ముడులు కట్టిన దారాలు ఒక్కొక్కటే వేళ్ల మధ్య పెట్టేది. ఆయన తడిమి చెప్పాలి. తప్పు చెప్పితే ఊరుకునేది కాదు.

"హారను."

"హారను గాదయ్యా, దీపాలు! పెండ్లిల మూడు ముళ్లేసినోనివి, ముడి దెల్వదా?"

"గప్పుడు నీ మెడ కనవడ్డది గద."

"గప్పుడు గూడ నువ్వు నా దిక్కు జూడలే. పంతులు దిక్కు జూసినవ్."

నేను పుస్తకంలో ముఖం దాచుకుని నవ్వేదాన్ని. ఒకనాడు మామ అన్న మాట మాత్రం ఇంకా నాతో ఉంది. "కండ్లున్ననాడు నాకు ఎరుపు, పసుపు, పచ్చ, గంతే. ఈమె చెప్పవట్టినంక శాన రంగులు కనవడ్తున్నయి" అన్నాడు. అత్తమ్మ ఆయన చేతిలోంచి దారం తీసుకుని, ఊరికే వేలికి చుట్టుకుంటూ విప్పుతూ కూర్చుంది.

*

మేం పోయేసరికి ఆమెను ఇంటి ముందు పడుకోబెట్టి ఉన్నారు. బాపు ఆ సగం చీర కప్పాడు. అది పాదాల దాకా రాలేదు. కోసిన అంచు నుంచి పోగులు వేలాడుతున్నాయి. బాపు వాటిని సర్దబోయి, చేతకాక, అక్కడే కూర్చుండిపోయాడు. మామ కారు సీటు మీద ఒక కొసకు ఒదిగి కూర్చున్నాడు, పక్కన ఇంకో మనిషికి చోటు వదిలి. ఎవరు పలకరించినా ఒకటే మాట అన్నాడు. "రంగులన్ని తీస్కపోయింది."

దినాలు జరుగుతున్నంతకాలం ఆయన షెడ్డు వైపు పోలేదు. చేతికి అన్నం గిన్నె ఇస్తే తినేవాడు, ఇవ్వకపోతే అడిగేవాడు కాదు. ఇంట్లోనే గోడలు పట్టుకుని నడుస్తూ, తలుపు ఎక్కడుందని నన్ను అడిగాడు. ఇన్నేళ్లలో ఆయన అట్లా అడగడం నేను వినలేదు. అత్తమ్మ దేనికి భయపడిందో అది నా కళ్ల ముందే జరుగుతోంది. మామ ఇంట్లోనే తప్పిపోతున్నాడు.

దినాలు ముగిసే పెద్దదినం అయిన తర్వాత చిచ్చా టాక్సీని తెచ్చి షెడ్డు ముందు ఆపాడు.

"భయ్యా, మీటరు ముల్లు ఒణుకుతున్నది. జర జూడు."

"నాతోని గాదు భాయ్. హైద్రాబాద్ తీస్కపో."

"తీస్కపోత. గని గాడ ఈ ముడులు ఎవనికి దెలుస్తయి? వాడు బ్లేడు వెట్టి కోసి పారేస్తడు."

మామ తల దించుకుని మణికట్టు తడుముకున్నాడు. తర్వాత చేతి కడెం లాగడం మొదలుపెట్టాడు. అది తొందరగా రాలేదు. తీసి ఎవరికివ్వాలో తెలియక కాసేపు పట్టుకుని, సీటు మీద తన పక్కన వదిలిన చోట పెట్టాడు.

షెడ్డు గోడకు మేకు మీద అత్తమ్మ చీరపేలిక అట్లాగే ఉంది. ఆయన గోడ పట్టుకుని పోయి దాన్ని తీసుకున్నాడు. చిచ్చా విప్పుతానంటే వద్దని, బానెట్ కింద తానే తడుముకుని ఎర్తు తీగె విప్పాడు. కొసను పేలికలో చుట్టాడు. వంచి దూరంగా పెట్టి, మళ్లీ తడిమి చూశాడు. బోల్టును తన తువాల కొసకు ముడివేసి, ఆ ముడిని నడుముకు దోపుకున్నాడు. "అయ్యిందా?" అని ఆయన పెదవులు అనడం నేను చూశాను. నడుముకున్న ముడిని ఒకసారి తడుముకున్నాడు. బోర్డు కిందికి తల పెట్టి పడుకున్నాడు.

పక్కన డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. చిచ్చా అందులో కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు.

"ఒంటిముడి" అన్నాడు మామ లోపల. కొంచెం ఆగి, "జంటముడి" అన్నాడు. పేచ్‌కస్ తిరిగిన చప్పుడు వచ్చింది. మీటరు బయటికి వచ్చింది. దానికి ఏమీ కాలేదు. బ్యాటరీ నుంచి వచ్చే తీగె, ఒంటిముడి కట్టినది, రంధ్రం దగ్గర ఒరుసుకుపోయి లోపలి రాగి బయటపడింది. దాన్ని మార్చాలి. మార్చాలంటే తోకకు దారం కట్టాలి. దారాల డబ్బా ఇంట్లో ఎక్కడ పెట్టిందో మాకెవరికీ తెలియదు. నేను లేచి వెతకబోయాను.

"ఆగు బిడ్డా" అన్నాడు మామ.

ఆయన చేయి బోర్డు వెనక ఎక్కడో నిలిచిపోయింది. ఆ పాత తీగెను ఆనుకుని ఒక దారం ఉంది. దేనికీ కట్టి లేదు, దేనినీ పట్టుకోలేదు. ఒక కొస బోర్డు వెనక చిన్న సుడిగా చుట్టి ఉంది. ఇంకో కొస రంధ్రంలోంచి ఇంజను వైపు పోయింది. పోయినసారి ఈ బండి వచ్చినప్పుడే ఆమె దాన్ని వేసి పెట్టింది. ఆ తీగె ఎన్నాళ్లో ఉండదని అప్పుడే చూసి ఉంటుంది. మామకు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదనుకుందేమో, ఆయన వేళ్లకు అది దొరుకుతుందని తెలుసు కనుక.

పాత తీగెను ఆయన ఊడదీసి బయటికి తీశాడు. కొత్త తీగె కొసను ఆ దారానికి తానే ముడివేశాడు. ఒంటిముడి. చిచ్చాను అవతలి నుంచి మెల్లగా లాగమన్నాడు. తీగె రంధ్రంలోకి దూరి, వంపు తిరిగి, ఎక్కడా తట్టుకోకుండా పోయింది. మీటరు తిరిగి బిగించి, తువాల ముడి విప్పి, బోల్టును వేళ్ల కొసన పట్టుకుని ఎర్తు తీగె కట్టాడు. బోల్టు కింద పడలేదు. చిచ్చా తాళం తిప్పి ఇంజను నడిపించాడు.

"ముల్లు యాడున్నది భాయ్?"

"నడుమనే ఉన్నది భయ్యా. సున్న మీద. ఒణుకుతలేదు."

చిచ్చా బండి తీసుకుని స్టేషను వైపు పోయాడు. మామ వచ్చి కారు సీటు మీద కూర్చున్నాడు. కడెం తడిమి తీసి తొడుక్కున్నాడు. ఇంజను వైపు నుంచి వచ్చిన ఆ దారం ఆయన చేతిలోనే ఉంది. దాని గంజి ఇంకా పోలేదు, నిటారుగా నిలబడింది. ఆయన దాన్ని కుడిచేతి ఉంగరం వేలికి, తెల్లటి మచ్చ మీద, మెల్లగా చుట్టుకున్నాడు. కొస మిగిలింది. చిన్నగా గాలి వీచినప్పుడల్లా ఆ కొస ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగి, నడుమకు వచ్చి ఆగుతోంది.